తప్పు చెంప మీద గీత

పోయినవారం మా చెల్లెల్ని డుగ్బే బజారులో, కంప్యూటర్ దుకాణం మెట్ల మీద నిలబెట్టి వదిలేశాను. కొత్తగా చదువుతున్నవాళ్ళ కోసం ముందు కథ రెండు ముక్కల్లో చెప్పేస్తాను. మా ఇబిదున్ బాల్‌పెన్నుతో మనుషుల ముఖాలు గీస్తుంది. మా ఊరు ఇబాదాన్‌లో దానికి అంతో ఇంతో పేరుంది. మా ఊళ్ళోనే బోడిజా పేటలో కార్టూన్ సినిమాలు తీసే సెగిలోలా ఆంటీ దాని బొమ్మలు చూసి కబురు పెట్టింది. కొత్త సీరియల్‌కి నాయిక కావాలి, ముఖం గీసి పంపు, నచ్చితే ఉద్యోగం నీదే అంది. కానీ ఆవిడ దగ్గర పనంతా కంప్యూటర్లోనే. కాగితం మీద గీసింది ఆవిడకి అక్కర్లేదు. అప్పుడు మొదలైంది మా ఇంట్లో పలక గొడవ.

పలక అంటే బడిపిల్లల పలక కాదు. లాప్‌టాప్‌కి తగిలించి ప్లాస్టిక్ కలంతో గీసేది. దుకాణంలో రెండు రకాలున్నాయి. ఒకదానికి తెర ఉంది, కలం పెట్టిన చోటే గీత కనిపిస్తుంది. రెండోది ఉత్త నల్ల పలక. చెయ్యి కింద ఏమీ కనపడదు, గీత ఎదురుగా లాప్‌టాప్‌లో పడుతుంది. దుకాణం యజమాని, ఊరికే చూడ్డానికి వచ్చినవాళ్ళు, చివరికి మెట్ల మీద వేరుశనక్కాయలు అమ్మే ఆవిడ కూడా తెర ఉన్నదే తీసుకోమన్నారు. మా చెల్లి నల్లది తీసుకుంది.

"తెర పలకకి గోడ కరెంటు కావాలక్కా. మన మొకోలా పేటలో కరెంటు ఎప్పుడొస్తుందో ఆ ఇచ్చేవాళ్ళకే తెలీదు. ఇది లాప్‌టాప్ బ్యాటరీ మీదే బతికేస్తుంది" అంది.

తెలివైన మాటే. తెలివైన మాటలతో బొమ్మలు పడవని ఇంటికొచ్చాక తెలిసింది.

నా జడల దుకాణంలో మూల కుర్చీ దానికిచ్చేశాను. మొదటి గీత గీసింది. ఒక చోట అనుకుంటే ఇంకో చోట పడింది. తల వంచి చెయ్యి చూసుకుంటే తెర కనపడదు, తలెత్తి తెర చూస్తే చెయ్యి ఎటు పోతోందో తెలీదు. గుండ్రంగా గీస్తే కోడిగుడ్డు వచ్చింది. పలక కొలతకీ తెర కొలతకీ పొంతన లేదని, రెండూ సరిపెట్టుకోవాలని కనిపెట్టేసరికి ఒక పూట పోయింది. ఆ తరవాత చేతి బరువు బయటపడింది. బాల్‌పెన్ను అలవాటు కదా, నొక్కి గీస్తుంది. పలక మీద అలా నొక్కితే కనురెప్ప వెంట్రుక కూడా కొబ్బరితాడంత లావున పడింది. నున్నటి ప్లాస్టిక్ మీద కలం జారుతోందని పైన తెల్లకాగితం ఒకటి అంటించుకుంది. అప్పటికి కాస్త పట్టు దొరికింది.

ఇవన్నీ చిన్న జబ్బులు. అసలు జబ్బు వేరే ఉంది. ఆ పలక అంచున బటన్లున్నాయి. మొదటిది నొక్కితే ఇప్పుడే వేసిన గీత మాయమవుతుంది. బాల్‌పెన్ను గీత పడిందంటే పడిందే. అందుకే మా చెల్లి ఇన్నేళ్ళూ ఒక్కో గీతా ఊపిరి బిగబట్టి వేసేది. ఇప్పుడు వేయడం, చెరపడం, వేయడం, చెరపడం. పొద్దున కూర్చుంటే మధ్యాహ్నానికి ఒక్క కనుబొమ్మ మిగల్లేదు.

"అడుసు తొక్కనేల, కాలు కడగనేల? వేసేదేదో ఒక్కసారి సరిగ్గా వెయ్యరాదూ?" అన్నాను.

"నీకేం తెలుసక్కా! చెరపొచ్చని తెలిసిన దగ్గర్నించీ నా చేతికి పిరికితనం పట్టుకుంది. నేను బొమ్మలు గీసేదాన్నేనా అని నాకే అనుమానంగా ఉంది."

గొంతులో ఏడుపుంది. నాకు భయమేసింది. మా చెల్లి ఆకలికి ఏడవదు, తిట్టినా ఏడవదు. బొమ్మ గీయలేక ఏడుస్తోందంటే మామూలు విషయం కాదు. సెగిలోలా ఆంటీ ఇచ్చిన గడువు దగ్గర పడుతోంది. ఈ ఉద్యోగం పోతే మళ్ళీ పెళ్ళిళ్ళలో కూర్చుని వచ్చినవాళ్ళ ముఖాలు గీసుకోవాలి. ఆ పని తనకి ఎంత అసహ్యమో నాకు తెలుసు.

చేతికి గాయమైతే వేసుకునే పట్టీ నా సొరుగులో ఉంటుంది. ఒక ముక్క కత్తిరించి ఆ బటన్ మీద అడ్డంగా అంటించేశాను.

"ఇప్పుడు చెరుపు, చూస్తాను."

"అక్కా!"

"నేను సుకు జడ అల్లేటప్పుడు ఎటు చూస్తానే?"

"టీవీ వంక. లేదంటే వీధిలో ఎవరెవరితో పోతున్నారా అని బయటికి."

"మరి పాయ ఎప్పుడైనా తప్పిందా? చేతికి తెలుసు కాబట్టి తప్పలేదు. నీ చేతికి తెలిసేదాకా దాని వంక చూడకు."

జుట్టు రాలకుండా మెడ చుట్టూ కట్టే గుడ్డ తీసి పలక మీద కప్పేశాను. చెయ్యి దాని కిందకి దూర్చమన్నాను. జడలు వేయించుకోవడానికి వచ్చినవాళ్ళు అది చూసి ముసిముసిగా నవ్వుకున్నారు. నవ్వనీ. రెండు రోజులు వంకరటింకర గీతలు వేసింది. మూడో రోజు గుడ్డ కింద చెయ్యి నెమ్మదించింది. నాలుగో రోజు నేను గుడ్డ తీసేసినా అది గమనించలేదు, కళ్ళు తెర మీదే ఉన్నాయి.

తెర మీద మా నాయనమ్మ ఉంది, పదహారేళ్ళ వయసులో.

నాయిక ముఖానికి మా చెల్లి ఎంచుకున్నది ఆ ముఖాన్నే. గుండ్రటి నుదురు, వెడల్పు కళ్ళు, ముక్కు దూలం దగ్గర మొదలై చెంప మీదుగా ఏటవాలుగా దిగే ఒకే ఒక్క గీత. నాయనమ్మ పుట్టింటివాళ్ళు చంటిపిల్లలకి పెట్టే గుర్తు అది. ఇప్పుడెవరూ పెట్టడం లేదు. మా ఇంట్లో ఆ గీత ఉన్న ఆఖరి మనిషి ఆవిడే. జుట్టు నేను చెప్పినట్టే వేసింది. అన్ని వైపుల నించీ పాయలు నడినెత్తికి ఎక్కి బుట్టలా నిలబడే సుకు. ఎటు నించి చూసినా ఒకేలా ఉంటుంది, అదే దాని అందం.

నాయనమ్మ వెనక గదిలోంచి వచ్చి తొంగిచూసింది. చంకలో ఎప్పటిలాగే చెక్కబొమ్మ ఉంది. ఆవిడ పేరు కెహిందే. ఆ పేరు చెబితే మా వైపు ఎవరికైనా తెలుస్తుంది, ఆవిడ కవలల్లో రెండోది అని. ముందు పుట్టినవాళ్ళకి టాయ్వో అనే పెడతారు. ఆ టాయ్వో చిన్నప్పుడే పోయిందట. పోయిన కవలకి ఒక చెక్కబొమ్మ చెక్కించి, మిగిలిన బిడ్డతో పాటే పెంచడం పాతకాలపు ఆనవాయితీ. ఇంకొకరైతే ఈపాటికి అటకెక్కించేసేవారు. మా నాయనమ్మ మాత్రం ప్రతి శుక్రవారం దానికి స్నానం చేయిస్తుంది, పామాయిల్ రాస్తుంది, ఓగీ జావ పెదవికి తాకిస్తుంది. ఇన్నేళ్ళు కడిగి కడిగి బొమ్మ ముఖం అరిగిపోయింది. కళ్ళూ ముక్కూ కనపడవు, చెంప మీది గీత వేలితో తడిమితే తప్ప తెలీదు.

"దాన్ని నేనే పంపాను ముందు" అంటూంటుంది. "లోకం ఎలా ఉందో చూసి రావే అన్నాను. అది వచ్చింది, చూసింది. నేను వచ్చేసరికి దానికి నచ్చలేదు."

ముందు పుట్టినా టాయ్వో చెల్లెలే, వెనక పుట్టినా కెహిందే అక్కే. మా లెక్క అంతే.

ఆ రోజు తెర మీద తన పదహారేళ్ళ ముఖం చూసి నాయనమ్మ చెక్కబొమ్మని చంకలోంచి తీసి తెర వైపు తిప్పింది. తరవాత బొమ్మతో గుసగుసగా అంది, "చూడవే, మనమే."

మళ్ళీ వెంటనే గొంతు మార్చింది. "ఒసేయ్ ఇబిదున్, గీత జాగ్రత్త. ఎడమ చెంప. మా ఇంట్లో ఎడమే. ముక్కు తప్పు గీస్తే మనిషి బాగుండదు, అంతే. గీత తప్పు గీస్తే ఇల్లే మారిపోతుంది."

"ఎడమే పెట్టాను నాయనమ్మా, చూడు."

పెట్టింది. నా కళ్ళతో నేను చూశాను.

పంపాల్సిన రోజు సాయంత్రం కరెంటు పోయింది. లాప్‌టాప్ బ్యాటరీ ఆఖరి ఊపిరి మీదుంది. మా చెల్లి పలక మీద ఇంకో బటన్ నొక్కుతూ కూర్చుంది. అది నొక్కితే బొమ్మ అద్దంలోలాగా తిరగబడుతుంది. రోజంతా చూసి కళ్ళకి అలవాటైపోయిన ముఖంలో వంకరలు అలా తిప్పినప్పుడే బయటపడతాయట. ముక్కు కొంచెం పక్కకి పోయిందంది. సరిచేసింది. బ్యాటరీ ఎర్రగుర్తు చూపించింది. "పంపెయ్యవే" అని నేను కేక. పంపేసింది. తెర ఆరిపోయింది. ఇద్దరం చీకట్లో ఒకళ్ళ చేతులు ఒకళ్ళం పట్టుకుని నవ్వుకున్నాం.

రెండు రోజులకి సెగిలోలా ఆంటీ నించి ఫోను. శుక్రవారం పొద్దున రా, నీ పలక కూడా తీసుకురా అంది. బొమ్మ బాగుందో లేదో చెప్పలేదు. ఆ చెప్పకపోవడమే మా చెల్లిని చంపేసింది.

శుక్రవారం మేం బయల్దేరుతుంటే నాయనమ్మ పెరట్లో చెక్కబొమ్మకి నీళ్ళు పోస్తోంది. మా ఇద్దరి నెత్తిన చెయ్యి పెట్టి, "మంచి కబురుతో రండి" అంది. మిక్రా టాక్సీలో లాప్‌టాప్ సంచి నా ఒళ్ళో పెట్టుకున్నాను. మా చెల్లి ఉన్న కంగారుకి, దాని చేతుల్లో పెడితే టాక్సీలోనే మర్చిపోయి దిగేలా ఉంది.

ఆఫీసు మేడ మీద. పొడుగాటి గదిలో వరసగా తెర పలకలు, వాటి మీద వంగిన కుర్రవాళ్ళు. గోడకి పెద్ద టీవీ. సెగిలోలా ఆంటీ కుర్చీలోంచి లేవలేదు. పొట్టి మనిషి, కళ్ళజోడు నుదుటి మీద. మా చెల్లి మోకాళ్ళ మీద కూర్చుని దణ్ణం పెట్టింది, నేనూ పెట్టాను.

"ఈవిడెవరు?"

"మా అక్క అబెని, ఆంటీ. బొమ్మలో జడ ఈవిడదే."

"ఊఁ. జడ బాగుంది. కూర్చోండి."

కిటికీ పక్కన ఒక పెద్దాయన ఉన్నాడు. బాబా అజానీ అన్నారు. రిటైరైన మాస్టారు. బట్టలు, పండగలు, పాత ఆచారాలు బొమ్మల్లో తప్పు పోకుండా చూడటానికి ఆంటీ పిలిపించుకుంటుందట. ఆయన మా వంక చూడలేదు. చేతికర్ర మీద రెండు చేతులూ పెట్టుకుని, ఇంకా ఏమీ లేని టీవీ వంకే చూస్తున్నాడు.

దోతున్ అనే కుర్రాడు మా చెల్లి సంచిలోంచి పలక బయటికి తీశాడు. ఆ ఆఫీసులో బొమ్మలవాళ్ళకి పెద్ద అతనే.

"ఇదేంటి, దీనికి తెర లేదే? గుడ్డివాళ్ళ పలకా?" అన్నాడు. "ఈ పట్టీ ఏంటి? పలకకి దెబ్బ తగిలిందా?"

గదిలో నవ్వులు. నాకు ఒళ్ళు మండింది. ఏదో అనబోయి ఆంటీ ముఖం చూసి నోరు కట్టేసుకున్నాను.

ఆంటీ సైగ చేసింది. టీవీ మీద మా బొమ్మ వచ్చింది, గోడంత. గదిలో నవ్వులాగిపోయాయి. నిజం చెప్పొద్దూ, నా గుండె పొంగింది. ఆ కళ్ళు, ఆ నుదురు, నా జడ. దోతున్ కూడా "అబ్బా" అన్నాడు. నేను గర్వంగా మా చెల్లి వంక తిరిగాను.

మా చెల్లి ముఖంలో రక్తం లేదు.

"అక్కా" అంది పెదవులు కదపకుండా. "గీత."

"ఏ గీతే?"

"తప్పు చెంప మీద ఉంది."

చూశాను. గీత కుడి చెంప మీద ఉంది. ముక్కు సరిచెయ్యడానికి తిప్పింది, మళ్ళీ తిప్పకుండా పంపేసింది. జడ ఒక పక్కకి వేసి ఉంటే అప్పుడే తెలిసేది. ఎటు చూసినా ఒకేలా ఉండే జడ ఎంచి ఇచ్చింది నేనే కదా!

"నోరు మూసుకో. ఎవరూ చూడలేదు" అన్నాను చెవిలో.

"నాయనమ్మ చూస్తుంది. టీవీలో వచ్చినప్పుడు నాయనమ్మ చూస్తుంది."

"అప్పటికి మార్చుకోవచ్చే. ముందు ఉద్యోగం రానీ."

అప్పుడు కిటికీ దగ్గరి నించి పెద్దాయన గొంతు వచ్చింది. సన్నగా, ఎక్కడో తడబడుతూ.

"అమ్మాయ్. గీత ఆ చెంప మీద ఎందుకు పెట్టావు?"

అయిపోయింది అనుకున్నాను. గదిలో అందరూ మా వంక తిరిగారు. మా చెల్లి లేచి నిలబడింది. అబద్ధమాడటానికి దానికి అప్పుడు కూడా వ్యవధి ఉంది. ఊరికే అలా పెట్టానంటే సరిపోయేది.

"తప్పు, బాబా. మా నాయనమ్మ వాళ్ళది ఎడమ చెంప. తిప్పి చూసుకుని, మళ్ళీ తిప్పడం మర్చిపోయి పంపేశాను."

దోతున్ ఫక్కున నవ్వాడు. "ఓ, అదా! అందరం చేసిందే. నేను ఒక రాజుగారిని నెలరోజులు ఎడమచేతివాటం చేసి కూర్చోబెట్టాను. ఆంటీ, ఒక్క బటన్ నొక్కితే సరిపోతుంది."

"ఆగు" అంది ఆంటీ. కళ్ళజోడు నుదుటి మీంచి ముక్కు మీదకి దింపింది. "మొన్నొకడు ఇలాగే వచ్చాడు. బొమ్మ అద్భుతంగా ఉంది. గీతలు తప్పు. అడిగితే మర్చిపోయానన్నాడు. వాడు మర్చిపోలేదు, వాడసలు గియ్యలేదు. కంప్యూటర్‌ని అడిగితే అదే గీసిచ్చింది. దానికి మన చెంపలు ఏం తెలుసు? ఏ గీత ఎక్కడ పడితే ఎవరింటి పిల్లో దానికేం తెలుసు?"

"ఆంటీ, నేను..."

"బాల్‌పెన్ను పిల్లవి. పలక ముట్టుకుని వారం అయిందో లేదో. ఇంత సాఫీగా గీశావంటే నేనెలా నమ్మాలి?"

నా చెల్లెల్ని దొంగ అంటున్నారు. ముక్కు మీద కోపం నాది, ఇంక ఆగలేదు. "నా ముందర గీసిందండీ! నా దుకాణంలో, గుడ్డ కప్పుకుని గీసింది! మొకోలాలో సగం మంది ఆడవాళ్ళు చూశారు!"

"గుడ్డ కప్పుకునా?" అన్నాడు దోతున్.

"అరవకండి" అంది ఆంటీ. "గీసిందైతే మళ్ళీ గీస్తుంది. ఇక్కడ, నా ముందు. సరైన చెంప మీద. దోతున్, నీ పలక ఇవ్వు, తెర ఉన్నది. హాయిగా గీసుకుంటుంది."

దోతున్ పలక చూశాను. పెద్ద పళ్ళెమంత ఉంది. మా చెల్లి దాని వంక ఆశగా చూసింది. కరెంటు బాధే లేకపోతే అదీ అలాంటిదే కొనుక్కునేది కదా. కలం పట్టుకుంది, ఒక గీత వేసింది, ఆగిపోయింది. వేస్తున్న గీతని దాని చెయ్యే కప్పేస్తోంది. వారం నించి చెయ్యి చూడకుండా గీసిన పిల్లకి ఇప్పుడు చెయ్యి అడ్డమొస్తోంది. కలం పక్కన పెట్టేసింది.

"నా పలకే ఇవ్వండి ఆంటీ."

దోతున్ తల అడ్డంగా ఊపాడు. తెర పలక వదులుకుని నల్ల పలక అడిగే మనిషిని అతను ఎక్కడా చూసి ఉండడు.

మొదటి గీత వణికింది. ఎప్పటిలాగే ఎడమచెయ్యి ఆ బటన్ మీదకి పాకింది. వేలికి పట్టీ తగిలింది. చెయ్యి వెనక్కి వచ్చేసింది. రెండో గీతకి ఊపిరి బిగబట్టింది. ఆ బిగబట్టడం నాకు తెలుసు, చిన్నప్పుడు నా నోటుబుక్కుల వెనక బాల్‌పెన్నుతో గీసేటప్పటి బిగబట్టడం అది. నుదురు పడింది. ఒక కన్ను పడింది. లాప్‌టాప్‌ని టీవీకి తగిలించారు, గోడ మీద అందరూ చూస్తున్నారు.

ఠప్పున కరెంటు పోయింది. టీవీ పోయింది, దోతున్ పలక పోయింది, గదిలో అన్ని తెరలూ నల్లబడ్డాయి. ఎవరో జనరేటర్ కోసం కిందకి పరిగెత్తారు. మా చెల్లి తలెత్తలేదు. దాని లాప్‌టాప్ వెలుగుతూనే ఉంది, చెయ్యి కదులుతూనే ఉంది. అందరూ కుర్చీలు తోసుకుని దాని వెనక చేరారు. ఆంటీ కూడా లేచి వచ్చింది. పెద్దాయన కర్ర పొడుచుకుంటూ వచ్చి అందరికంటే దగ్గరగా, మా చెల్లి భుజం పక్కన నిలబడ్డాడు. ఆయన ఊపిరి నాకు వినపడుతోంది.

ముక్కు, పెదవి, జడ. ఆఖరున ముక్కు దూలం దగ్గర కలం ఆనించి, ఎడమ చెంప మీదుగా, ఒకే ఒక్క గీత. మధ్యలో ఆగలేదు. కలం ఎత్తేసింది.

కింద జనరేటర్ దగ్గి దగ్గి అందుకుంది, లైట్లు వచ్చాయి.

"సోమవారం రా" అంది ఆంటీ. మా చెల్లి నెత్తి మీద వేలితో చిన్నగా కొట్టింది. "ఆ గుడ్డి పలకే తెచ్చుకో. పట్టీ తియ్యకు."

మా చెల్లి బల్ల మీద తల ఆనించేసింది. ఏడుస్తోందో నవ్వుతోందో తెలియలేదు. నేను మాత్రం ఏడ్చాను, దాచుకోను. దోతున్ చేతులు దులుపుకుని, "సరే, ఆ తప్పు బొమ్మ తీసేస్తున్నా. ఇదే ఉంచుదాం" అంటూ కంప్యూటర్ దగ్గరికి నడిచాడు.

"ముట్టుకోకు!"

అరిచింది బాబా అజానీ. ఆ సన్నటి గొంతులోంచి అంత కేక వస్తుందని ఎవరూ అనుకోలేదు. దోతున్ చెయ్యి గాల్లోనే ఆగిపోయింది.

"ఆ బొమ్మ మా అమ్మ" అన్నాడాయన.

ఆంటీ కుర్చీ లాగి ఇచ్చింది. ఆయన కూర్చోలేదు. మా చెల్లినే చూస్తున్నాడు.

"మా అమ్మకి గీత కుడి చెంప మీదే ఉంది. ఏ ఇంటి పిల్లో ఆవిడకే తెలీదు. చిన్నతనంలోనే ఎవరో పెంచుకోవడానికి తీసుకుపోయారట. ఉద్యోగంలోంచి దిగాక నేను ఆవిడ పుట్టిల్లు వెతకడానికి బయల్దేరాను. ఓగ్బొమొషో దాటి ఊరూరా తిరిగాను. ఒక ఊళ్ళో మా అమ్మ ఫొటోలో గీత చూసి గుర్తుపట్టారు. కానీ ఫొటో దగ్గరికి పెట్టుకుని ఏమన్నారో తెలుసా? గీత మాదే, చెంప మాది కాదు, మీ అమ్మ మా ఇంటి పిల్ల కాదు అన్నారు. గుమ్మం లోపలికి కూడా రానివ్వలేదు." ఆయన మా చెల్లి భుజం పట్టుకున్నాడు. "ఎవరిని చూసి గీశావమ్మా?"

"మా నాయనమ్మని, బాబా. కానీ ఆవిడది ఎడమ చెంప. అది నేను తిప్పడం వల్ల..."

"ఆవిడ పేరు?"

మా చెల్లి నా వంక చూసింది.

"కెహిందే" అన్నాను నేను.

పెద్దాయన అప్పుడు కూర్చున్నాడు. ఆ గదిలో కార్టూన్లు గీసే పిల్లలక్కూడా అర్థమైంది. కెహిందే ఉందంటే టాయ్వో ఉండాలి.

"మా అమ్మ పేరు టాయ్వో."

"కాదు బాబా" అన్నాను. ఎందుకన్నానో తెలీదు, భయంతో అన్నాను. "మా నాయనమ్మ చెల్లెలు పోయింది. చిన్నప్పుడే పోయింది. ఇంట్లో చెక్కబొమ్మ ఉంది. నాయనమ్మ దానికి..."

"మా ఇంట్లోనూ ఉంది. వాళ్ళక్క పోయిందని చెప్పి మా అమ్మ చేతికిచ్చారట. ముఖం అరిగిపోయింది. చెంప మీద గీత మాత్రం వేలికి తగులుతుంది." ఆయన తన ఎడమ చెంప తాకి చూపించాడు. "ఇక్కడ. మా అమ్మ చెంప కాని చెంప మీద ఎందుకు చెక్కారా అని ఎన్నిసార్లు అనుకున్నానో."

నాయనమ్మకి జ్వరం వచ్చినప్పుడల్లా మా ఇంటి బొమ్మకి నేనే స్నానం చేయిస్తాను. అలాంటప్పుడు నా బొటనవేలు ఎటు పోతుందో గుర్తు తెచ్చుకున్నాను. బొమ్మని నా వైపు తిప్పి పట్టుకుంటాను. వేలికి గీత తగిలేది దాని కుడి చెంప మీద. ఇన్నేళ్ళుగా తగులుతూనే ఉంది, ఎన్నడూ అది కుడా ఎడమా అని అనుకోలేదు. చూడగానే పోల్చుకోవడానికి, కవలలని చెరో చెంప మీద గుర్తు పెట్టారు.

మా చెల్లి పెద్దాయన ముందు మోకాళ్ళ మీద కూర్చుంది. ఆయన చేతులు రెండూ పట్టుకుంది. అడగలేక అడగలేక అడిగింది.

"ఆవిడ... ఎప్పుడు పోయారు బాబా?"

బాబా అజానీ దాని వంక వింతగా చూశాడు.

"పోవడమేంటమ్మా?" అన్నాడు. "ఇవాళ శుక్రవారం కదా. ఈపాటికి పెరట్లో కూర్చుని వాళ్ళక్కకి నీళ్ళు పోస్తూ ఉంటుంది."